చివరి గుక్క

హేబ్సిబా నోరు మంచిది కాదని బీదర్ పక్కనున్న నౌబాద్‌లో అందరూ అనేవారు. అన్నవాళ్లే మళ్లీ పిల్లకు జ్వరమొస్తే ఆమె గడప తొక్కేవారు, అది వేరే సంగతి. అసలు నోరు మెత్తనైతే ఆ ఉద్యోగం ఎవరూ చేయలేరు. బీదర్‌లో ఒక సర్కారు దవాఖానాలో క్షయరోగులకు సూదులు వేసే గది ఆమెది. పొద్దున్నే వచ్చి కిరోసిన్ స్టవ్ వెలిగించి, గాజు సిరంజీలూ సూదులూ స్టీలు డబ్బాలో వేసి, నీళ్లు సలసలా మరిగేదాకా ఎవర్నీ లోపలికి రానిచ్చేది కాదు. తొందరపడ్డవాళ్లతో, "పోతే పో, ఉడకని సూది ఏసుకొని ఇంకో బీమారి ఇంటికి తీస్కపోతవా?" అనేది. తహసీల్దారుగారి బావమరిది వచ్చినా బయట బెంచీ మీద కూర్చోవాల్సిందే.

ఆమె పుట్టింది కమఠాణలో. తల్లి మంత్రసాని, తండ్రి నాలుగు క్రైస్తవ ఇళ్ల పిల్లల్ని చేరదీసి అక్షరాలు నేర్పినవాడు. పెళ్లైన కొన్నాళ్లకే మొగుడు కలరాలో పోయాడు. ఒక్క పూట ముందు ఎవరైనా సరైన మాట చెప్పివుంటే బతికేవాడని ఆమె చచ్చేదాకా నమ్మింది. చెప్పేవాళ్లు లేక మనిషి చావకూడదని నౌకరీలో చేరింది. అప్పటికి నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రమూ పోయింది, బీదర్‌ను మైసూరు రాష్ట్రంలో కలిపారు. దవాఖానా గోడలమీద ఉర్దూ పలకలు తీసి కన్నడ పలకలు కొట్టారు. వచ్చే రోగుల్లో సగం మందికి ఆ రాతా రాదు, ఈ రాతా రాదు. పలకమీద రాసింది చదివి తెలుగులో కొందరికి, దక్కనీలో కొందరికి నోటితో చెప్పడం హేబ్సిబా పనైంది.

ఉమ్మి డబ్బాలో ఉమ్మాలి, బూడిద కప్పి దూరంగా పూడ్చాలి. దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. బాగైందనిపించినా సరే, డాక్టరు చెప్పేదాకా మాత్రలు ఆపకూడదు. కంచం వేరు, గ్లాసు వేరు, వేడినీళ్లతో కడగాలి. అన్నీ ఒకే గొంతుతో చెప్పేదిగానీ, జనం చప్పున పట్టుకున్నది మాత్రం చివరిదే. మాత్రలు ఎందుకు మింగాలో నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాలి. గ్లాసు వేరు చేయడం మన దేశంలో ఎవరికీ నేర్పనక్కర్లేదు కదా.

ఆమె ఇంటికి రెండిళ్ల అవతల సిలాసు ఉండేవాడు. ఎర్రరాయి కొట్టే పని అతనిది. బీదర్ నేల కింద ఎక్కడ తవ్వినా ఆ రాయే, ఇళ్లకైనా బావులకైనా అదే. చుట్టరికం ఏమీ లేకపోయినా చిన్నప్పటినుంచి హేబ్సిబాను అక్కా అనే పిలిచేవాడు. పని లేని రోజు ఆమె ఇంటి కప్పు సర్దేవాడు, ఆదివారం మందిరంలో డోలక్ వాయించేవాడు, వాయిస్తూ పాస్టరయ్య నడకను అనుకరించి పిల్లల్ని నవ్వించేవాడు. భార్య దయమ్మ నెమ్మదస్తురాలు. ఏది చెబితే అది చెప్పినట్టు చేసే మనిషి.

సిలాసుకు దగ్గు పట్టుకుంది. రాతిదుమ్ము అన్నాడు. చలి అన్నాడు. బుగ్గలు లోపలికి పోయి, నడుం మీద పంచె నిలవని రోజు హేబ్సిబా అతన్ని రెక్క పట్టుకుని దవాఖానాకు లాక్కెళ్లింది. తెమడ పరీక్ష చేసి క్షయే అన్నారు. సిలాసు బెంచీమీద ఆమె పక్కకు జరిగి గొంతు తగ్గించాడు.

"అక్కా, ఈ మాట నౌబాద్‌ల ఎవ్వరికి ఎరుకగావద్దు. దయమ్మకు చెప్త, నీకు ఎరుకుంది, గంతే."

"నా గదిల మాట గది దాటి పోదు తమ్మీ. నువ్వు ఒక్కటే యాదికి పెట్టుకో. సూదికి నాగా చేసినవంటే నేను ఊకోను."

ఆ సాయంత్రమే బజారుకు వెళ్లి కాశీబాయి గిన్నెల దుకాణంలో ఒక సత్తు గ్లాసు, ఒక కంచం తీసుకుంది. కొన్న గిన్నెమీద ఇంటివాళ్ల పేరు కొట్టించుకోవడం అక్కడి అలవాటు. కాశీబాయి ఉలి చేతిలోకి తీసుకుని, "ఎవరి పేరు కొట్టాలె అమ్మా?" అంది.

"పేరు వద్దు. గట్లనే ఇయ్యి."

పేరు లేని ఆ గ్లాసు దయమ్మ చేతికొచ్చింది. ఇంట్లో ఒక మూల గూట్లో విడిగా పెట్టి, రోజూ వేడినీళ్లతో కడిగి బోర్లించేది. సిలాసు ఒక్క సూదికీ నాగా చేయలేదు. పనికి పోయే ముందే వచ్చి బెంచీమీద కూర్చునేవాడు, స్టవ్ మంట చూస్తూ, "అక్కా, అన్నం అయినా ఇంతకంటె జల్ది ఉడుకుతది" అని ఏడిపించేవాడు. చలికాలం పోయేసరికి దగ్గు సగం తగ్గింది. బుగ్గలు నిండాయి. హేబ్సిబాకు కడుపునిండా సంతోషంగా ఉండేది. అతను బతుకుతాడని ఆమెకు నమ్మకం కుదిరింది, ఇంకో ఏడాది మందు ఆపకుండా మింగితే చాలు.

అప్పుడొచ్చింది సంస్కారపు ఆదివారం. నౌబాద్ మందిరం చిన్నది, పాస్టరయ్య చాలా ఊళ్లు తిరగాలి, అందుకని రొట్టె విరిచి ద్రాక్షరసం ఇచ్చే ఆ ఆరాధన ఎప్పుడో గానీ జరిగేది కాదు. ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన రసాన్ని ఇత్తడి గిన్నెలో పోసేవారు. అందరికీ అదొక్కటే గిన్నె. ముందు పెద్దలు, తర్వాత మగవాళ్ల వరస, తర్వాత ఆడవాళ్లు. తాగినవాళ్లు తువ్వాలతోనో కొంగుతోనో అంచు తుడిచి పక్కవాళ్లకు అందించేవారు. తాగి తన్నుకున్నవాళ్లనూ, ఇంకొకరి ఇల్లు చెరిపినవాళ్లనూ మాత్రం పెద్దలు గిన్నెకు దూరంగా గుమ్మం దగ్గర కూర్చోబెట్టేవారు.

హేబ్సిబాకు ఆ వారమంతా మనసులో పీకులాటే. గిన్నె సిలాసు నోటినుంచి పక్కవాడి నోటికి, అక్కణ్నుంచి ముసలివాళ్లకు, కడుపుతో ఉన్నవాళ్లకు పోతుంది. గది తలుపు దగ్గర రోజూ గొంతు చించుకునే మనిషి మందిరంలో కళ్లు మూసుకుని కూర్చోగలదా? ఆఖరికి సిలాసు దగ్గరికే వెళ్లింది.

"తమ్మీ, ఈసారి గిన్నె ముట్టకుండ ఉండరాదా? మెల్లగ పక్కోనికి అందియ్యి."

సిలాసు ఉలి పక్కన పెట్టి ఆమెను చూశాడు. "ముట్టకుంటే నేనేం పాపం చేసిన అని అడుగుతరు. నా పెండ్లాం మొఖం ఎట్ల ఎత్తుకొని తిరుగుతది?" అన్నాడు. "హోటల్ల మనకు వేరే కప్పు పెడుతరని మా నాయిన చచ్చేదాక హోటలు మెట్టు ఎక్కలే, అక్కా. ఈడ ఒక్కటే గిన్నె అనే గద మనోళ్లు ఈడికి వచ్చింది. ఇంట్ల గ్లాసు వేరన్నవ్, సరే అన్న. ఈ గిన్నె ఇడిశిపెట్టమనకు."

"సరే తీ. నేను చూసుకుంట" అంది హేబ్సిబా.

చూసుకుంది. ఆ చూసుకోవడమే కొంప ముంచింది. శనివారం ఏసప్ప ఇంటికి వెళ్లింది. ఏసప్ప మందిరంలో పెద్ద, సర్కారు కచేరీలో జవానుగా చేసి రిటైరైనవాడు. చెడ్డవాడు కాదు, కానీ ఏ పనైనా హుకుంలాగా చేసేవాడు. చేతులు మారే గిన్నె వెంట వరసల పక్కన నడిచేది ఆయనే.

"మామా, రేపు సిలాసుకు గిన్నె అందరికంటె చివర్ల ఇయ్యి. ఎందుకని అడగకు."

ఏసప్ప అడగలేదు. తల ఊపాడు. హేబ్సిబా తేలికపడ్డ మనసుతో ఇంటికొచ్చింది. రోగం పేరు ఎత్తలేదు, మనిషికి గిన్నె దక్కకుండా చేయలేదు, అందరూ క్షేమం. తను ఏ గదిలో కూర్చుంటుందో ఊరంతటికీ తెలుసన్న సంగతి ఆ తెలివిగల మనిషికి తట్టనే లేదు. చివర ఇయ్యమని వేరే ఎవరు చెప్పినా వంద అర్థాలుండేవి. హేబ్సిబా చెబితే ఒక్కటే అర్థం.

ఆదివారం మగవాళ్ల వరస మధ్యలో సిలాసు డోలక్ పక్కన పెట్టి కూర్చున్నాడు. గిన్నె వరసలో వచ్చింది. పక్కవాడు తాగి, అంచు తుడిచి, సిలాసుకు ఇవ్వబోయాడు. ఏసప్ప వంగి ఆ గిన్నె మధ్యలోనే అందుకుని, సిలాసు తల మీదుగా అవతలివాడికి ఇచ్చాడు. సిలాసు చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. పొరపాటు అనుకున్నాడు పాపం, చిన్నగా నవ్వాడు కూడా. గిన్నె మగవాళ్లు దాటి ఆడవాళ్లలోకి పోయింది. పిల్లల తల్లులు, ముసలమ్మలు, అందరూ తాగారు. అప్పుడు ఏసప్ప మళ్లీ వెనక్కి నడిచి వచ్చి, అందరూ చూస్తుండగా సిలాసు ముందు నిలబడ్డాడు. గిన్నెను ఉత్త చేత్తో పట్టుకోలేదు, తువ్వాల చుట్టి పట్టుకున్నాడు.

సిలాసు తాగాడు. తాగి హేబ్సిబా వైపు చూశాడు. ఆమె తల వంచుకుంది. ఆ రోజు పాటకు డోలక్ మోగలేదు.

బయట వేపచెట్టు కింద అతను ఆమెను ఆపాడు. గొంతు పెంచలేదు. "అక్కా, నీ ఒక్కదానికే చెప్పిన."

"నీ సంగతి చెప్పలే తమ్మీ. బీమారి పేరు అంతకన్న ఎత్తలే. చివర్ల ఇయ్యమన్న, గంతే."

"ఎత్తే పనే లేకుండ చేసినవ్ గద" అన్నాడు సిలాసు, దయమ్మను తీసుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి పొద్దున హేబ్సిబా స్టవ్ వెలిగించింది, నీళ్లు మరిగాయి, బెంచీమీద సిలాసు లేడు. ఆ మరునాడూ లేడు. ఇంటికి పోతే తలుపు దగ్గర దయమ్మ నిలబడింది. రాయి కొట్టేవాళ్లు కడవ దగ్గర సిలాసును నీళ్లు ముట్టుకోనివ్వలేదట, ఎత్తి దోసిట్లో పోశారట. అతను ఉలీ సుత్తీ మూటగట్టుకుని సంతపూర్ దిక్కు కొత్త గనికి పోయాడు. అక్కడ అతన్ని ఎరిగినవాళ్లు ఎవరూ లేరు.

"దగ్గు లేదక్కా, మంచిగనే ఉన్నడు. నీ గదిల అడుగు పెట్టనన్నడు" అంది దయమ్మ.

మంచిగా ఉన్నాడు, అదే హేబ్సిబా భయం. మందు ఆపిన మనిషి మంచిగా ఉన్నప్పుడే రోగం లోపల మళ్లీ లేస్తుందని ఆమెకు బాగా తెలుసు. సెలవు పెట్టి, మాత్రల పొట్లం సంచిలో వేసుకుని సంతపూర్ బస్సెక్కింది. దిగి ఎండలో గనిదాకా నడిచింది. సిలాసు గుంతలో రాయి చెక్కుతున్నాడు, నలుగురైదుగురు కూలీలు చుట్టూ ఉన్నారు. తెల్లచీరలో వస్తున్న మనిషిని చూసి వాళ్లు పని ఆపారు.

"ఎవరు ఆమె?" అని ఒకడు అడిగాడు.

"మా అక్క. ఊరికెనే చూసిపోదామని వచ్చింది" అన్నాడు సిలాసు. అంటూ ఆమె కళ్లలోకి చూశాడు. దండం పెట్టినట్టే ఉంది ఆ చూపు.

ఏమని చెప్పగలదు అంతమందిలో? ఒకసారి నోరు జారి ఇంత చేశాను, ఇంకోసారి వద్దనుకుంది. తిన్నావా అని అడిగింది. ఎండ ఎక్కువగా ఉంది, నీడన కూర్చోమంది. పొట్లం అతని చేతిలో పెట్టి, "దయమ్మ పంపింది" అని అబద్ధమాడి వచ్చేసింది. ఆ మాత్రలు అతను మింగాడో గుంతలో పారేశాడో దేవుడికే తెలియాలి. అక్కడ అరిచి, రెక్క పట్టుకుని లాక్కురావాల్సింది. తిట్లు పడ్డా బాగుండేది. ఆ మాట ఆమె తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

వానలు వెనకబట్టాక సిలాసును బండిలో వేసి తీసుకొచ్చారు. నోట్లోంచి నెత్తురు పడుతోంది. హేబ్సిబా ఇద్దరు మనుషుల్ని పెట్టి దవాఖానాకు చేర్చింది. సూదులు మళ్లీ మొదలుపెట్టారు, పని చేయలేదు. పోయే ముందురోజు అతను నీళ్లు అడిగాడు. ఆమె దవాఖానా గ్లాసులో పోసి ఇస్తే తల తిప్పుకుని, "నాది తే" అన్నాడు. దయమ్మ ఇంటికి పరుగెత్తి ఆ సత్తు గ్లాసు తెచ్చింది.

కొన్నాళ్లకు దవాఖానాకు శంకరప్ప అని కొత్త డాక్టరు వచ్చాడు. బెంగళూరులో శిక్షణ పొంది వచ్చినవాడు. సిబ్బందినందరినీ కూర్చోబెట్టి కొత్త పద్ధతులు చెప్పాడు. ఈ రోగం దగ్గుతో, గాలితో అంటుకుంటుంది. కంచాలతో గ్లాసులతో కాదు. మందు సరిగ్గా పడితే కొన్ని వారాలకే అంటించే గుణం తగ్గిపోతుంది. గిన్నెలు వేరు చేయించకండి, అలా చేస్తే మనిషి సిగ్గుతో దాక్కుంటాడు, మందు ఆపేస్తాడు, ఇంటివాళ్లకూ అంటిస్తాడు.

హేబ్సిబా లేచి నిలబడింది. "మూడు నెలలు సూది పడ్డ మనిషి తాగిన గిన్నె, డాక్టర్ సాబ్? అది ముట్టినా ఏం గాదా?"

"ఏమీ కాదమ్మా" అన్నాడు డాక్టరు, అర్థంకాక ఆమె ముఖంలోకి చూస్తూ.

ఆమె గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చింది. తన పాత అధికారులమీద కోపమొచ్చింది, పలకమీద కోపమొచ్చింది, అన్నిటికంటే తన నోటిమీద కోపమొచ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, ఆ ఆదివారం మందిరంలో లేచి, "గిన్నెతోని అంటదు. నేను చెప్పింది తప్పు. దగ్గేటోళ్లను చివర్ల కూసోబెట్టకుండ్రి" అని అందరి ముందూ చెప్పింది. అప్పటికే నౌబాద్ మందిరంలో దగ్గేవాళ్లు ఆఖరున కూర్చోవడం కాయిదా అయిపోయింది.

"అప్పుడు వద్దన్నది నువ్వే, ఇప్పుడు ఏం గాదన్నది నువ్వే" అన్నాడు ఏసప్ప. "ఏ మాట పట్టుకోవాలె బిడ్డా? మా జాగర్తల మేముంటం."

మైసూరు పేరు పోయి కర్ణాటక అయిన ఏడు దవాఖానా పలకలు మళ్లీ రాయించారు. కొత్త పలకలో గ్లాసు మాట లేదు. ఆ ఏడే దయమ్మ దగ్గడం మొదలుపెట్టింది. సిలాసు దగ్గునుంచే ఆమెకు అంటిందని హేబ్సిబాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రోజూ ఇంటికి పోయి పిలుచుకొచ్చి సూది వేసేది, మాత్రలు తన కళ్లముందే మింగించేది. దయమ్మ ఎదురు చెప్పేది కాదు. చెప్పింది చెప్పినట్టు చేసేది.

మళ్లీ సంస్కారపు ఆదివారం వచ్చింది. దయమ్మ ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్ల వరస విడిచి గుమ్మం పక్కన ఒంటరిగా కూర్చుంది. హేబ్సిబా తన చోటునుంచి లేచి, అందరి మధ్యనుంచి నడిచి వెళ్లి, ఆమెకు అవతల కూర్చుంది. దయమ్మ తాగిన గిన్నె తర్వాత తన నోటికి రావాలి. అందరూ చూడాలి. ఎన్నేళ్లుగానో ఆమె మనసులో ఉన్నది ఈ ఒక్క పనే.

ఏసప్ప ముసలివాడయ్యాడు. గిన్నె పట్టుకుని మెల్లగా వచ్చి దయమ్మ ముందు వంగాడు. దయమ్మ గిన్నె అందుకోలేదు. కొంగు కిందనుంచి సత్తు గ్లాసు తీసి ముందుకు చాచింది. అంచు సొట్టపోయింది, పేరు లేదు. ఏసప్ప అందులో కొంచెం వంచాడు. దయమ్మ కళ్లు మూసుకుని తాగింది.

"ఆ గ్లాసు నాకియ్యి దయమ్మా" అంది హేబ్సిబా చెయ్యి చాచి. "అడుగున ఉన్నది నేను తాగుత."

దయమ్మ గ్లాసును కొంగులో చుట్టుకుని వెనక్కి పెట్టుకుంది. "వద్దక్కా. నీకేమన్న అయితే నాకు సూది ఎవరు ఏస్తరు? ఇంటికి పోయినంక వేడినీళ్లతోని కడుగుత. ఏం ఫికర్ చెయ్యకు, నువ్వు నేర్పినట్టే చేస్తున్న."

హేబ్సిబా చెయ్యి అలాగే చాచి ఉంది. ఏసప్ప ఆ చేతిలో ఇత్తడి గిన్నె పెట్టాడు.